మలంచా వీధులకు ఎవరి వాటా ఎంత?

వీధికి రోడ్డు కావాలి, పక్కన మురుగు కాలువ కావాలి, కుళాయికి నీరు రావాలి. ఈ మూడింటి విషయంలో ఏ పేటలోనూ భిన్నాభిప్రాయం ఉండదు. ఆ ఖర్చు ఎవరు భరించాలన్న దగ్గరే పేచీ మొదలవుతుంది. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్న మలంచా వంటి ప్రాంతాల్లో ఈ పేచీకి మరో మెలిక ఉంది. అక్కడ ఒకే పట్టణంలో రెండు వ్యవస్థలు పక్కపక్కనే పనిచేస్తున్నాయి.

బెంగాల్‌ నాగ్‌పూర్‌ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి ఉపాధి కోసం తరలివెళ్లిన కుటుంబాలకు రైల్వేయే ఇల్లు, నీరు, వీధిదీపం సమకూర్చింది. పదవీ విరమణతో క్వార్టరు ఖాళీ చేసి సొంత ఇల్లు కట్టుకున్నవారు మాత్రం పురపాలక సంఘానికి పన్ను చెల్లించే పౌరులయ్యారు. అంతవరకు ఉద్యోగంతో పాటు అందిన సదుపాయాలకు అప్పటినుంచి రశీదులు రావడం మొదలైంది. పింఛనే ఆధారమైన ఇంట్లో ఆస్తి విలువ పెరిగినంత మాత్రాన చేతికందే డబ్బు పెరగదు. పన్ను పెంపు మాట వినగానే కలిగే కలవరానికి మూలం ఇదే.

రెండు వ్యవస్థల మధ్య పట్టణం

1954లో ఏర్పడిన ఖరగ్‌పూర్‌ పురపాలక సంఘంలో నేడు 35 వార్డులున్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం పట్టణ జనాభా 2 లక్షలు దాటింది. రైల్వే స్థలంలోని కొన్ని ప్రాంతాలు వార్డుల్లో చేరినా, అక్కడి భూమి, క్వార్టర్లు రైల్వే అధీనంలోనే ఉన్నాయి. రాజ్యాంగంలోని 285వ అధికరణం కేంద్ర ప్రభుత్వ ఆస్తులను రాష్ట్ర, స్థానిక పన్నుల నుంచి మినహాయించింది. పట్టణంలో అతిపెద్ద భూస్వామి ఆస్తిపన్ను పరిధిలో లేకపోతే, పురపాలక సంఘం రాబడికి సొంత ఇళ్లవారు, దుకాణదారులే ప్రధాన ఆధారమవుతారు.

ఈ మినహాయింపు సంపూర్ణం కాదు. రాజ్‌కోట్‌ నగరపాలక సంస్థ తదితరుల వ్యాజ్యాల్లో 2009లో సుప్రీంకోర్టు ముందు కుదిరిన అంగీకారం మేరకు, కేంద్ర ఆస్తులపై పన్నుకు బదులుగా సేవా రుసుము చెల్లించాలి. పురపాలక సేవలను పూర్తిగా వాడుకుంటే ఆస్తిపన్నులో 75 శాతం, పాక్షికంగా వాడుకుంటే 50 శాతం, అసలు వాడుకోకపోతే 33.33 శాతం చెల్లించాలన్నది అందులోని సూత్రం. పన్ను పెంపు ప్రతిపాదన వచ్చినప్పుడు ఈ పద్దు కింద ఎంత రావాలి, ఎంత వచ్చిందని అడిగే హక్కు పౌరులకు ఉంది.

షరతులతో వచ్చే నిధులు

రుసుముల ఒత్తిడి స్థానికంగా పుట్టింది మాత్రమే కాదు. 2021 అక్టోబరులో ప్రారంభమైన అమృత్‌ 2.0 పథకం కింద లక్ష నుంచి 10 లక్షల జనాభా ఉన్న పట్టణాల పనులకు కేంద్రం మూడో వంతు భరిస్తుంది. మిగతాది రాష్ట్రం, స్థానిక సంస్థలు సమకూర్చుకోవాలి. ఆస్తిపన్నును కాలానుగుణంగా సవరించడం, నీటి సరఫరా నిర్వహణ వ్యయాన్ని వినియోగ రుసుముల ద్వారా రాబట్టడం ఆ పథకం ఆశించే సంస్కరణలు. 15వ ఆర్థిక సంఘం సైతం పట్టణ సంస్థల నిధులకు ఆస్తిపన్ను కనీస రేట్ల ప్రకటనను షరతుగా పెట్టింది. అంటే పైపులు వేయడానికి సాయం అందుతుంది. వాటిని ఏళ్ల తరబడి నడిపించే భారం పట్టణంపై పడుతుంది.

ఈ షరతులు ఎలాంటి వివాదానికి దారితీస్తాయో ఆంధ్రప్రదేశ్‌ ఇప్పటికే చూసింది. అద్దె విలువకు బదులు మూలధన విలువ ఆధారంగా ఆస్తిపన్ను లెక్కించేలా 2020లో చట్టాన్ని సవరించారు. ఏటా పెంపు 15 శాతం మించదని ప్రభుత్వం చెప్పినా, విశాఖపట్నం, విజయవాడల్లో నివాసుల సంఘాలు తీవ్రంగా వ్యతిరేకించాయి. ఒక్కసారి పడే భారం కంటే, భూమి ధరతో పాటు ఏటేటా పెరుగుతూ పోయే భారమే వారిని భయపెట్టింది. చెత్త సేకరణకు విధించిన వినియోగ రుసుము మరింత అసంతృప్తి రేపింది. చివరకు 2024 అక్టోబరు 2న చెత్త పన్ను రద్దును ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రకటించారు. రుసుము రద్దయినా చెత్త ఎత్తే ఖర్చు రద్దు కాదు. అది ప్రభుత్వ ఖజానాకు మారుతుంది, అంతే.

ఒకే పనికి మూడు చెల్లింపులు

నివాసుల అభ్యంతరం పన్ను మొత్తంపైనే కాదు, పనుల వరుసపైనా ఉంటుంది. పాత పేటల్లో తరచుగా ముందు రోడ్డు పోస్తారు, తర్వాత పైపుల కోసం తవ్వుతారు. పాత పొర తీయకుండా కొత్త పొర వేసిన ప్రతిసారీ వీధి ఎత్తు పెరుగుతుంది. కొన్నేళ్లకు ఇంటి గడప రోడ్డు కంటే దిగువకు చేరి, వాన నీరు లోపలికి వస్తుంది. అప్పుడు గడప ఎత్తించుకునే ఖర్చు ఇంటివారిదే. పన్ను ఒకటి, కుళాయి కనెక్షన్‌ రుసుము రెండు, గడప మరమ్మతు మూడు. చివరిది ఏ ప్రభుత్వ లెక్కలోనూ కనిపించదు. ముందు పైపులు, తర్వాత కాలువ, చివరగా రోడ్డు అన్న క్రమం పాటిస్తే ఈ మూడో చెల్లింపు చాలావరకు తప్పుతుంది.

అడగడానికి వేదిక

వార్డు కమిటీలను రాజ్యాంగం 3 లక్షలు, అంతకు మించిన జనాభా గల పట్టణాలకే తప్పనిసరి చేసింది. పశ్చిమ బెంగాల్‌ 1993 పురపాలక చట్టం మాత్రం చిన్న పట్టణాల్లోనూ వాటికి చోటు కల్పించింది. పనుల జాబితా, అంచనా వ్యయం, ఎవరి వాటా ఎంత అన్న వివరాలు పని మొదలుకాకముందే ఆ కమిటీ ముందుకు రావాలి. పని పూర్తయ్యాక పంపే నోటీసు సంప్రదింపు అనిపించుకోదు.

ఇందులో భాషకూ పాత్ర ఉంది. తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని పశ్చిమ బెంగాల్‌ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించింది. ఖరగ్‌పూర్‌ తెలుగువారు ఏళ్లుగా కోరిన గుర్తింపు అది. వార్షిక విలువ, మినహాయింపు, బకాయి, అభ్యంతరానికి గడువు వంటి మాటలు ఇంటి పెద్దలకు చదివితే అర్థమయ్యే భాషలో అందినప్పుడే ఆ గుర్తింపు వారి నిత్యజీవితంలోకి వస్తుంది. గడువు ఎప్పుడన్నది తెలియకపోతే అభ్యంతరం చెప్పే హక్కు ఉండీ లేనట్టే.

బాగుపడిన వీధికి వాటా ఇవ్వడానికి సాధారణంగా ఎవరూ వెనుకాడరు. రైల్వే నుంచి రావలసిన సేవా రుసుము, పథకం నిధులు, నివాసుల వాటా ఒకే కాగితంపై పక్కపక్కన కనిపించాలి. పింఛనుదారులకు వాయిదాల వెసులుబాటు ఉండాలి. రోడ్డు ఎత్తు ఎంత ఉండాలో అంచనాలోనే రాయాలి. మలంచా వంటి పేటల్లో తర్వాతి పన్ను సవరణ చర్చ ఈ మూడు అంశాలతో మొదలైతే, చెల్లింపు మీద ఉన్న అనుమానాలు చాలావరకు తొలగుతాయి.