రాతకెక్కని బాధకు దిక్కెవరు?

2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒక్కరోజే 34 మంది స్త్రీలకు కు.ని. ఆపరేషన్లు చేశారు. కొద్దిరోజుల్లోనే నలుగురు తల్లులు కన్నుమూశారు. ఇటువంటి శిబిరాలను మూడేళ్ళలో మాన్పించాలని 2016లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ గడువు దాటిన తరువాత జరిగిన ఘోరమిది. ప్రాణాలు పోయాయి గనుక విచారణ జరిగింది, లోకానికి తెలిసింది. మరి ప్రాణం పోని బాధల మాటేమిటి? కుట్లు చీము పట్టినా, ఆపరేషన్ తప్పి మళ్ళీ కడుపు వచ్చినా రాసుకునేదెవరు?

ఇది మనకు సంబంధించని విషయం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది ఈ ఆపరేషన్ చేయించుకున్నవారే. మగవారి ఆపరేషన్లు నూటికి ఒక్కటి కూడా లేవు.

కర్నూలు జిల్లాలో కోసిగి, మంత్రాలయం వైపు పంటలు పోయిన ఏడు కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు మిరపకోతలకు సుగ్గికి పోతాయి. పచ్చి కుట్లతో పోయిన తల్లికి అక్కడ చీము పడితే దగ్గరున్న ఆర్.ఎం.పి.తో సూది వేయించుకుంటుంది. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి లెక్కలో మాత్రం ఆమె క్షేమమే! అక్షరం రానివారు, ఇంట్లో కన్నడమో ఉర్దూయో లంబాడీయో మాట్లాడేవారు ఫిర్యాదు కాగితం ఎలా నింపగలరు? నింపగలిగినా, రేపు బిడ్డకు జ్వరమొస్తే మళ్ళీ అదే ఆసుపత్రి గడప తొక్కాలి గదా అని నోరు మెదపరు. చదువుకున్నవారి బాధ కాగితానికెక్కుతుంది. కూలికి పోయే తల్లి బాధ ఆమెతోనే ఉండిపోతుంది.

కనుక ఆమె వచ్చి చెప్పాలని కూర్చోక, ఆసుపత్రే ఆమె గడపకు పోవాలి. ఆపరేషన్ అయిన వారానికి ఒకసారి, నెలకు ఒకసారి ఏ.ఎన్.ఎం. గాని ఆశా కార్యకర్త గాని ఆమె భాషలోనే అడిగి రాసుకోవాలి. సుగ్గికి పోయి ఉంటే ఫోనులో అడగాలి. ఊరు, కులం, భాష, చేసే పని కూడా రాస్తేనే ఎవరికి ఎక్కువ కీడు జరుగుతున్నదో తేలుతుంది. పేర్లు చెప్పకుండా ఆ లెక్కను ఆసుపత్రి అభివృద్ధి సంఘం సమావేశంలో చదివి వినిపించాలి. ఉన్నది ఉన్నట్టు రాసిన నర్సును శిక్షించరాదు. శిక్షిస్తే మరునాటి నుండి పుస్తకం తెల్లగానే ఉంటుంది.

దీనికి కొత్త భవనాలు అక్కరలేదు. ఒక పుస్తకం, కొంత ఓపిక చాలు. కర్నూలు, కడప జిల్లాల వైద్యాధికారులు ఈ పనికి వెంటనే పూనుకోవాలి. దాచిన పుండు మానదు.