థార్ రాక్స్: గొడవ పడాల్సింది సన్‌రూఫ్ గురించి కాదు

2024 ఆగస్టు 15న మహీంద్రా ఐదు డోర్ల థార్ రాక్స్‌ని లాంచ్ చేసినప్పటి నుంచి ఒకటే వాదన: "ఇది అసలు థారేనా?" పనోరమిక్ సన్‌రూఫ్, వెంటిలేటెడ్ సీట్లు, 10.25 అంగుళాల స్క్రీన్, లెవల్ 2 అడాస్... పాత జీపు అభిమానులకు ఈ లిస్ట్ చూస్తేనే ఒళ్లు మండుతోంది. ఆ కోపంలో న్యాయం ఉంది, కానీ అది తప్పు చోట పడుతోందని నా అభిప్రాయం.

ముందు చరిత్ర చూద్దాం. మహీంద్రా 1947లో బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడంతో ఈ కథ మొదలైంది. 2010లో వచ్చిన మొదటి థార్ ఆ కుటుంబానికి నిజమైన వారసుడే. బురదలో దింపితే బయటికొస్తుంది. కానీ ఎయిర్‌బ్యాగ్‌లు లేవు, వెనక కూర్చునేవాళ్లు ఎదురెదురుగా బెంచీల మీద సర్దుకోవాలి. 2020లో మొత్తం మార్చేశారు. వెనక సీట్లు ముందుకు తిరిగాయి, టచ్‌స్క్రీన్ వచ్చింది, గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో 4 స్టార్లు వచ్చాయి. అప్పుడు కూడా "మెత్తబడిపోయింది" అన్నవాళ్లున్నారు. ఇప్పుడు అదే 2020 మోడల్‌ని చూపించి "అసలు థార్ అంటే ఇదీ" అంటున్నారు!

అందుకే సుఖాన్ని బట్టి జడ్జ్ చేయడం నాకు నచ్చదు. ఏసీ చల్లగా ఉన్నంత మాత్రాన ఆఫ్‌రోడర్ ఆఫ్‌రోడర్ కాకుండా పోదు. చూడాల్సింది కింద ఏముందనేది. రాక్స్‌లో ల్యాడర్ ఫ్రేమ్ అలాగే ఉంది. 4×4 వేరియంట్లలో లో-రేంజ్ ట్రాన్స్‌ఫర్ కేస్ ఉంది, దాన్ని వేయడానికి చేతికి అందే లివర్ కూడా ఉంది. 650 ఎంఎం లోతు నీళ్లలో నడుస్తుందని కంపెనీయే చెబుతోంది. ఏసీకి స్క్రీన్ మెనూల్లో వెతుక్కోకుండా విడిగా బటన్లు ఇచ్చారు. గతుకుల్లో ఊగుతున్నప్పుడు టచ్‌స్క్రీన్ మీద వేలు ఎక్కడ పడుతుందో తెలిసినవాళ్లకు ఆ బటన్ల విలువ తెలుసు. పైగా భారత్ ఎన్‌క్యాప్‌లో 5 స్టార్లు. ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని వెళ్లే బండికి ఇంతకంటే మంచి మార్పు ఏం కావాలి?

వీల్‌బేస్ 2450 నుంచి 2850 ఎంఎంకి పెరిగింది. అంటే 400 ఎంఎం ఎక్కువ. ఘాట్ రోడ్డు మలుపుల్లో, ఇరుకు సందుల్లో ఇది తెలుస్తుంది, గుట్టల మీద బండి మధ్యభాగం నేలకి తగిలే అవకాశమూ పెరుగుతుంది. ఇది నిజమైన నష్టం. కానీ వెనక సీట్లో పెద్దవాళ్లు కూర్చోగలగాలన్నా, బూట్‌లో లగేజీ పట్టాలన్నా ఆ 400 ఎంఎం ఇవ్వక తప్పదు. పొట్టి బండే కావాలనుకునేవాళ్ల కోసం మూడు డోర్ల థార్‌ని కంపెనీ ఆపలేదు కూడా. కాబట్టి ఈ విషయంలో నాకు కంప్లైంట్ లేదు.

మరి నాకు ఎక్కడ మండింది? వేరియంట్ల దగ్గర. రాక్స్‌లో 4×4 కావాలంటే డీజిల్ మాత్రమే కొనాలి. పెట్రోల్ తీసుకుంటే ఎన్ని లక్షలు పెట్టినా వెనక చక్రాలకే పవర్. మూడు డోర్ల థార్‌లో 2020 నుంచే పెట్రోల్ 4×4 ఉంది. మరి పెద్ద తమ్ముడికి ఎందుకు లేదు? లాంచ్ సమయంలో ప్రారంభ ధర 12.99 లక్షలని పోస్టర్లలో చూశాం. అప్పట్లో 4×4 మొదలైంది మాత్రం 18.79 లక్షల దగ్గర. మధ్యలో దాదాపు 6 లక్షలు. ఫోన్ల భాషలో చెప్పాలంటే, బేస్ మోడల్‌కి కూడా ప్రో లాంటి కెమెరా బంప్ పెట్టి, లోపల లెన్స్ మాత్రం ప్రోకే ఇచ్చినట్టు. రూపం అందరికీ అమ్మారు, సత్తా కొందరికే దాచారు. "ఇది థారేనా" అన్న ప్రశ్న వేయాల్సింది ఇక్కడ.

రెండోది, పైకప్పు. థార్ అంటే సాఫ్ట్ టాప్ తీసేసి ఆకాశం కింద నడపడం. రాక్స్‌లో ఆ ఆప్షనే లేదు, బదులుగా సన్‌రూఫ్ ఇచ్చారు. సన్‌రూఫ్ పెట్టడం తప్పు కాదు, అది ఒక్కటే మిగలడం తప్పు.

మూడోది మన లాంటి గ్యాడ్జెట్ జనం అడగాల్సిన ప్రశ్న. ల్యాడర్ ఫ్రేమ్ బండిని ఇరవై ఏళ్లు వాడేవాళ్లున్నారు. మరి ఆ స్క్రీన్? శాంసంగ్, గూగుల్ తమ ఫ్లాగ్‌షిప్ ఫోన్లకు ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని ముందే చెబుతున్నాయి. ఫోన్‌కి పదుల రెట్లు ధర పెట్టే బండి విషయంలోనూ అలాంటి మాట రాతపూర్వకంగా అడగడం మన హక్కు. పాత జీపుని ఊళ్లో మెకానిక్ సుత్తి, స్పానర్‌తో బాగుచేసేవాడు. హ్యాంగైన సాఫ్ట్‌వేర్‌ని అతను ఏం చేయగలడు?

మొత్తానికి రాక్స్ చెడ్డ రీడిజైన్ కాదు. థార్‌ని చాలా ఇళ్లలో మొదటి కారుగా కొనగలిగేలా చేసింది, అది చిన్న విషయం కాదు. మీరు కొనబోతుంటే సీట్ల రంగు, సన్‌రూఫ్ సైజు తర్వాత చూసుకోండి. ముందు ఒక్కటి తేల్చుకోండి: మీకు కావాల్సింది థార్ రూపమా, థార్ పనా? రూపం చాలనుకుంటే వెనక చక్రాల వేరియంట్ హాయిగా తీసుకోండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. పని కావాలంటే 4×4కి డబ్బు కూడబెట్టుకోండి. లేదంటే మూడు డోర్ల థార్ ఇంకా షోరూమ్‌లోనే ఉంది.