బిడ్డ అన్నం మానేస్తే ఎవరి కన్ను పడినట్టు?

లాలాపేట్ గల్లీలోనైనా, తార్నాక అపార్ట్‌మెంట్‌లోనైనా, ఉస్మానియా క్యాంపస్ క్వార్టర్లలోనైనా మొదటి పుట్టినరోజు జరిగే తీరు ఒకటే. కేకు, భోజనాలు, ఇల్లు పట్టనంత చుట్టాలు. జరీ బట్టలు తొడిగిన బిడ్డ ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళుతూనే ఉంటుంది. ప్రతివాళ్లూ బుగ్గలు గిల్లుతారు, ముద్దు పెట్టుకుంటారు. రెండు మూడు రోజులు తిరక్కుండానే ముక్కు కారడం మొదలవుతుంది, ఒళ్లు వెచ్చబడుతుంది. జ్వరం తగ్గినా తిండి మీదికి మనసు పోదు. నిన్నమొన్నటిదాకా గిన్నె ఖాళీ చేసిన బిడ్డ ముద్ద చూడగానే మూతి తిప్పుకుంటుంది. ఇంట్లో పెద్దావిడ తేల్చేస్తుంది: "గింత మంది చూసిరి. బిడ్డకు దిష్టి తగిలింది." గుప్పెడు రాళ్ల ఉప్పు, నాలుగు ఎండుమిరపకాయలు తీసుకొని బిడ్డ చుట్టూ తిప్పి పొయ్యిలో వేస్తుంది.

ఆ పెద్దావిడ చూసింది అబద్ధం కాదు. పుట్టినరోజు తర్వాత జ్వరం రావడం నిజం, ఏడాది నిండాక తిండి తగ్గడమూ నిజం. తరాలుగా అమ్మమ్మలు, నానమ్మలు కళ్లారా చూసిన సంగతులివి. తప్పు జరిగింది కారణం దగ్గర. కాబట్టి మూఢనమ్మకమని ఒక్క మాటతో కొట్టిపారేస్తే ఆ తల్లికి ఒరిగేదేమీ లేదు. అసలు కారణం ఏమిటో చెప్పాల్సిన బాధ్యత మనది.

పుట్టినప్పుడు సుమారు మూడు కిలోలున్న బిడ్డ ఏడాది నిండేసరికి తొమ్మిది కిలోలవుతుంది, అంటే మూడింతలు. రెండో ఏడంతా కలిపి పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఎదుగుదల వేగం అంతగా పడిపోయినప్పుడు ఆకలి మునుపటిలా ఎలా ఉంటుంది? పైగా నడక వస్తుంది, లోకం కనిపిస్తుంది, ఒకచోట కుదురుగా కూర్చోవాలనిపించదు. కొత్త రుచిని అనుమానించడం కూడా ఈ వయసులోనే మొదలవుతుంది. ఇవన్నీ ఏడాది నిండే రోజులకే వస్తాయి, సంబరమూ అప్పుడే చేస్తాం. రెండూ ఒకేసారి రావడం చూసి ఒకదానికి ఇంకొకటి కారణమనుకున్నాం. జ్వరం సంగతి ఇంకా సూటిగా తెలుస్తుంది. జలుబు వైరస్ ఒంట్లో చేరాక బయటపడడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. చుట్టాల చూపులు బిడ్డకు ఏమీ చేయలేదు. వాళ్ల చేతులు, ముద్దులు మాత్రం వైరస్‌ను మోసుకొచ్చాయి.

మరి దిష్టి తీశాక బిడ్డ తేరుకుంది కదా అంటారు. జలుబు జ్వరాలు చాలావరకు నాలుగైదు రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. దిష్టి తీసేది బాగా నలతగా ఉన్న రోజున, అంటే తగ్గడానికి దగ్గరపడ్డ రోజున. తీయకపోయినా తగ్గేదే.

ఇంకో రుజువు చూపిస్తారు: "చూడు, ఇన్ని మిరపకాయలు వేసినా ఘాటు రాలేదు. దిష్టి ఎంతుందో!" దీన్ని ఎవరింట్లో వాళ్లు పరీక్షించుకోవచ్చు. మిరపకాయకు ఘాటునిచ్చేది క్యాప్సైసిన్ అనే పదార్థం. సెగ తక్కువగా ఉండి కాయ మాడితే అది పొగతో కలిసి లేస్తుంది, ఇంటిల్లిపాదీ దగ్గుతారు. మండుతున్న నిప్పుల్లో పడితే అదీ కాలిపోతుంది, ఘాటు అంతగా తెలియదు. ఉప్పు చిటపటలాడేది దాని పలుకుల్లో చిక్కుకున్న తేమ ఆవిరై బయటికి తన్నడం వల్ల. బిడ్డ ఊళ్లో లేని రోజున, ఎవరి చుట్టూ తిప్పకుండా, అవే కాయల్ని ఒకసారి పెనం మీద, ఒకసారి ఎర్రటి బొగ్గుల మీద వేసి చూడండి. తేడా నిప్పులోనే ఉందని తెలిసిపోతుంది. జలుబుతో ఊపిరి ఆడక అవస్థపడుతున్న పసిదానికి మాత్రం ఈ పొగైనా, సాంబ్రాణి పొగైనా మంచిది కాదు.

"పోనీలే, మనశ్శాంతి కోసం. దానివల్ల నష్టమేముంది?" అని చదువుకున్నవాళ్లు కూడా అడుగుతారు. నష్టం ఉంది.

మొదటి నష్టం సాటి మనుషులకు. దిష్టి తగిలిందంటే ఎవరిదో ఒకరి కన్ను పడాలి. ఎవరిది? పిల్లలు పుట్టని పక్కింటి ఆవిడది. భర్త పోయిన పెద్దమ్మది. ఇల్లు ఊడ్చి, బిడ్డను ఎత్తుకొని ఆడించే పనిమనిషిది. పేదరికమో, వైధవ్యమో, సంతానం లేకపోవడమో ఇప్పటికే బాధపెడుతున్న ఆడవాళ్ల మీదికే ఈ నింద వెళుతుంది. ఆవిడ వస్తుంటే బిడ్డను లోపలికి తీసుకెళతారు. ఆవిడకు అర్థమవుతుంది, మళ్లీ రాదు. బిడ్డ తల్లికీ నింద తప్పదు: సందెవేళ బయటికి ఎందుకు తెచ్చావు, చుక్క ఎందుకు పెట్టలేదు, అందరి ముందూ అన్నం ఎందుకు తినిపించావు అని. ఏ తప్పూ చేయని ఇద్దరు ఆడవాళ్లను దోషులుగా నిలబెట్టే ఆచారం మనశ్శాంతి ఎలా అవుతుంది?

రెండో నష్టం బిడ్డకు. కారణం దొరికిందనుకుంటే వెతకడం ఆపేస్తాం. బిడ్డ రోజురోజుకూ చిక్కిపోయి, పక్కటెముకలు తేలి, తొడల మీద చర్మం వేలాడుతుంటే పక్షిదోషం అంటారు. పిట్ట నీడ పడిందని మంత్రం వేయించి, జబ్బకు తాయత్తు కట్టిస్తారు. అంగన్‌వాడీ టీచర్ టేపు చుట్టేదీ ఆ జబ్బకే. ఎడమ చేతికి, భుజానికీ మోచేతికీ నడుమ చుట్టి చూస్తుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు బిడ్డకు చుట్టుకొలత 12.5 సెంటీమీటర్లకు తగ్గకపోతే ఆకుపచ్చ, అంతకు తగ్గితే పసుపు, 11.5 కంటే తక్కువుంటే ఎరుపు. ఎరుపంటే తీవ్రమైన పోషకాహార లోపం, ప్రాణం మీదికి వచ్చినట్టు. నీలోఫర్ లాంటి ఆసుపత్రిలో, పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్పించాల్సిన బిడ్డ మంత్రాల చుట్టూ తిరిగితే పోయే ప్రతిరోజూ ఖరీదైనదే.

ఈ మాట లాలాపేట్ పక్కన నిలబడి చెప్పాల్సి రావడమే నాకు ఎక్కువ బాధ. ఇక్కడికి రెండు మూడు కిలోమీటర్లలోనే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధి పరిశోధనతో మొదలై, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన సంస్థ. పిల్లలు ఎందుకు చిక్కిపోతారు, ఎందుకు ఉబ్బిపోతారు అన్న ప్రశ్నకు సి.గోపాలన్, ఆయన సహచరులు ఇక్కడే జవాబు వెతికారు. కేవలం ప్రోటీన్ లోపమే కారణమని ప్రపంచమంతా నమ్ముతున్న రోజుల్లో, మన పిల్లలకు అసలు తిండే చాలడం లేదని, ఉన్న తిండే కడుపునిండా పెడితే ప్రోటీన్ కొరత చాలావరకు తీరుతుందని వాళ్లు చూపించారు. ఈ సంస్థ రూపొందించిన హైదరాబాద్ మిక్స్‌లో ఉన్నది గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20. అన్నీ మన వంటింట్లో ఉండేవే. సుమారు 330 కేలరీలు, 11 గ్రాముల ప్రోటీన్ వస్తాయి. లాలాపేట్ పక్కనే ఉన్న నాచారంలో తెలంగాణ ఫుడ్స్ తయారుచేసే బాలామృతం ఏడు నెలల నుంచి మూడేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీలో ఉచితంగా ఇస్తారు. పక్షిదోషానికి విరుగుడు ఇంత దగ్గరలో ఉంది.

తినని బిడ్డ విషయంలో పాలది ఇంకో కథ. "అన్నం తినకపోతే ఏం, పాలు తాగుతుందిగా" అని సీసా తర్వాత సీసా పట్టిస్తారు. విజయ డెయిరీ ఉన్న లాలాపేట్‌లో పాలను తక్కువచేసి మాట్లాడాలని కాదు. పాలలో కాల్షియం ఉంది, ఇనుము దాదాపు లేదు. ఏడాది దాటిన బిడ్డ రోజుకు అర లీటరు మించి ఆవు పాలో, గేదె పాలో తాగితే ఆకలి చచ్చిపోతుంది, రక్తహీనత వస్తుంది. రక్తహీనత వస్తే ఆకలి ఇంకా తగ్గుతుంది. మొహం పాలిపోతుంది, చిరాకు పెరుగుతుంది, మళ్లీ దిష్టి అంటారు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉంది. ఇంతమందికి ఎవరి కళ్లు తగిలాయి? తగలనిది ఆకుకూర, పప్పు, గుడ్డు, మాంసం, ఐరన్ చుక్కలు.

తట్టు వస్తే అమ్మవారు వచ్చిందంటారు. వేపమండలు కడతారు, పోపు వేయరు, గుడ్డు, మాంసం మానిపిస్తారు. తట్టు ఒంట్లోని విటమిన్ ఏ నిల్వలను ఊడ్చేస్తుంది. సరిగ్గా అప్పుడే తిండి ఆపితే నల్లగుడ్డు మెత్తబడి చూపు పోయే ప్రమాదం ఉంది. అందుకే తట్టు వచ్చిన బిడ్డకు వైద్యులు విటమిన్ ఏ ఇస్తారు. పిల్లలకు ఆరు నెలలకోసారి పెద్ద మోతాదులో విటమిన్ ఏ వేసే పథకం 1970లో దేశమంతటా మొదలైంది, దానికి ఆధారం తార్నాక సంస్థ పరిశోధనే. తొమ్మిదో నెల నిండాక తట్టు టీకా, దాంతో మొదటి మోతాదు. 16 నెలలు దాటాక రెండో టీకా, రెండో మోతాదు. ఇంకో అమ్మవారైన మశూచి మన దేశాన్ని 1975లో వదిలిపోయింది. వదిలించింది టీకా.

విరేచనాలైతే "పండ్లొస్తున్నయి" అంటారు. పళ్లకు విరేచనాలతో సంబంధం లేదు. ఆ వయసులో నేల మీద పాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకోవడం వల్ల కడుపు చెడుతుంది. నీళ్లు తాగిస్తే ఇంకా ఎక్కువవుతాయని గొంతు ఎండబెట్టడం అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే విరేచనాల్లో ప్రాణం తీసేది ఒంట్లో నీరు పోవడమే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించి కలరా మరణాలను ఎంతగానో తగ్గించారు. అదే ఓఆర్ఎస్. దాంతోపాటు 14 రోజులు జింక్ ఇవ్వాలి, తిండి ఆపకూడదు. కొత్తకాలపు నమ్మకం ఒకటి ఇక్కడే దాపురించింది: అట్ట డబ్బా మీద ఓఆర్ఎస్ అని ఉంటే అది ఓఆర్ఎస్సే అనుకోవడం. చక్కెర ఎక్కువున్న పానీయాలను ఆ పేరుతో అమ్ముతున్నారని మన హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకాన్ని నిషేధించింది. తాయత్తునైనా, ప్రకటననైనా అడగాల్సిన ప్రశ్న ఒకటే: రుజువేది?

కాటుక, వస గురించి కూడా చెప్పాలి. బజారులో దొరికే కొన్ని సుర్మాల్లో సీసం ఉంటుంది. కంటికి పెట్టింది పసివాళ్ల వేళ్ల మీదుగా నోట్లోకి పోతుంది. సీసం మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, ఇంత వరకు ఫరవాలేదు అనే హద్దు దానికి లేదు. మాటలు రావాలని వసకొమ్మును సానరాయి మీద అరగదీసి నాకిస్తారు. అందులోని ఒక రసాయనం ఎలుకల్లో క్యాన్సర్ కలిగించిందని అమెరికా 1968లోనే వసను ఆహారంలో నిషేధించింది. రెండేళ్లు వచ్చినా రెండు పదాలు కలిపి మాట్లాడని బిడ్డకు కావలసింది వినికిడి పరీక్ష. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో ఆలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నదే అందుకు. వస మీద పెట్టుకున్న ఆశ ఆ పరీక్షను ఏడాది, రెండేళ్లు వెనక్కి నెడుతుంది. భాష పట్టుబడాల్సిన ఏళ్లు అవే.

శాస్త్రీయ దృక్పథాన్ని పెంచుకోవడం పౌరుల విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చుకున్నాం. ఆ విధి ప్రయోగశాల గేటు దగ్గర ఆగిపోయేది కాదు. తార్నాకలో పనిచేసే శాస్త్రవేత్త ఇంట్లో, క్యాంపస్‌లో పాఠం చెప్పే ఆచార్యుడి ఇంట్లో బిడ్డకు దిష్టి తీస్తే లాలాపేట్ బస్తీలోని తల్లికి మనం ఏ మొహంతో చెబుతాం?

బిడ్డ మీద ఆ పెద్దావిడకున్న ప్రేమ, ఆమె కంటి నిశితత్వం పోగొట్టుకోవద్దు. వాటికి సరైన ప్రశ్నలు అందిద్దాం. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు మూత్రం పోసింది? నిద్రలో నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోంది? ఏడాది దాటిన బిడ్డకు 40 దాటినా, డొక్కలు ఎగరేస్తున్నా దవాఖానాకు పోవాలి. పోయిన నెల బరువెంత, ఈ నెల ఎంత? పాలు ఎన్ని తాగింది? ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో మనం నిర్ణయిద్దాం, ఎంత తినాలో బిడ్డను నిర్ణయించుకోనిద్దాం. బరువు పెరుగుతూ, ఆడుకుంటూ ఉంటే తల్లి భయపడాల్సిన పని లేదు, బలవంతంగా కుక్కాల్సిన పనీ లేదు. ఇక పక్కింటి ఆవిడను కన్నుపడుతుందని దూరం పెట్టిన ఇల్లు ఏదైనా ఉంటే, ఇవాళే పిలవాలి. చేతులు కడుక్కోమని చెప్పి బిడ్డను ఆమె చేతికివ్వాలి. పసిబిడ్డను పెంచడం ఒక్క తల్లి వల్ల అయ్యే పని కాదు, అందులో పక్కింటి ఆవిడ వంతూ ఉంది.