శబ్దనిత్యత్వం – వంజ్ లోయ మౌనం

శబ్దం నిత్యమని మీమాంసకులు, అనిత్యమని నైయాయికులు శతాబ్దాల తరబడి వాదించినారు. పుట్టి నశించేది ధ్వని మాత్రమేననీ, ఆ ధ్వని చేత వ్యక్తమయ్యే వర్ణానికి ఉత్పత్తి గాని వినాశం గాని లేదనీ మీమాంసకుల సిద్ధాంతం. వేదం అపౌరుషేయమనే విశ్వాసానికి ఈ సిద్ధాంతం బలమైన ఆలంబనం. అయితే ఇదే సిద్ధాంతం ఆస్తికులలో ఒక్కొక్కప్పుడు ఒక విధమైన నిశ్చింతకు కూడా దారి తీస్తున్నది. వేదం నిత్యం కదా, దానికి హాని చేయగలవాడెవడు, దానిని రక్షించవలసిన భారం అల్పుడైన మానవునికి ఎందుకు అనే మాట సత్సంగాలలో తరచుగా వినబడుతున్నది. ఈ నిశ్చింత శాస్త్రసమ్మతమా, కాదా అని విచారించడానికి దూరదేశంలోని ఒక పర్వతలోయ చక్కని దృష్టాంతం.

మధ్య ఆసియాలోని తజికిస్తాన్ దేశంలో పామీర్ పర్వతాల నడుమ వంజ్ అనే నది ప్రవహిస్తున్నది. అది ఆఫ్ఘనిస్తాన్ సరిహద్దున పారే పంజ్ నదిలో కలుస్తుంది. పంజ్ నది అము దర్యాకు ఎగువ భాగం. పురాణాలలో వక్షు అని, చక్షు అని వినబడే నది ఈ అము దర్యాయేనని పండితులు గుర్తించినారు. ఆ వంజ్ లోయలోని గ్రామాలలో ఒకప్పుడు వంజీ అనే భాష వ్యవహారంలో ఉండేది. అది ఇరానీ భాషాకుటుంబంలోని ప్రాచ్యశాఖకు చెందినది. పొరుగు లోయలో నేటికీ మాట్లాడే యజ్‌గులామీ భాషకు అది సన్నిహిత బంధువు.

19వ శతాబ్దంలో బుఖారా అమీరు రాజ్యం ఆ ప్రాంతాన్ని బలప్రయోగంతో తనలో కలుపుకొన్నది. అక్కడి ప్రజలను తమలో ఒకటిగా చేసుకోవడానికి పాలకులు హింసకు కూడా వెనుకాడలేదు. ఆ శతాబ్దం ముగిసేనాటికి వంజీ భాష అదృశ్యమై, తాజిక్ భాష ఆ స్థానాన్ని ఆక్రమించినది. 20వ శతాబ్దపు తొలి దశకాలలో ఇవాన్ జరూబిన్ అనే రష్యన్ భాషావేత్త పామీర్ భాషలను పరిశీలించే నాటికి వంజీ నుండి మిగిలినవి వృద్ధుల జ్ఞాపకంలోని కొద్దిపాటి పదాలు మాత్రమే. గ్రామాల పేర్లలోను, ఆ లోయవారి తాజిక్ మాండలికంలోను కొన్ని ఆనవాళ్ళు నిలిచినవి. నది ఉన్నది, పొలాలు ఉన్నవి, ఆ వంశాల సంతతి కూడా ఉన్నది. వారి పూర్వుల వాక్కు మాత్రం లేదు.

వేదాభిమానులకు ఈ విషయంతో సంబంధమేమి అనే శంక సహజం. ఇరానీ భాషలకు, వైదిక సంస్కృతానికి ఉన్న బాంధవ్యం అతి సన్నిహితమైనది. పారసీకుల పవిత్రగ్రంథమైన అవెస్తా భాషను చూస్తే ఇది స్పష్టమవుతుంది. ఇక్కడి సోమం అక్కడ హఓమ, ఇక్కడి సప్త అక్కడ హప్త, ఇక్కడి సేన అక్కడ హఏనా. యజ్ఞం యస్నగా, హోత జఓతగా, మిత్రుడు మిథ్రగా అక్కడ దర్శనమిస్తారు. ఇది చూసి ఇరానీ భాషలన్నీ సంస్కృతం నుండి పుట్టినవని కొందరు భక్తులు ఉత్సాహంతో ప్రకటిస్తారు. అది సరి కాదు. ఆ రెండూ ఒకే తల్లికి పుట్టిన అక్కచెల్లెళ్ళు. ఒకటి మరొకదానికి బిడ్డ కాదు. సంస్కృతం మీది భక్తికి అతిశయోక్తుల ఆసరా అవసరం లేదు. చెల్లెలిని చెల్లెలిగా గుర్తించడం వల్ల అక్క గౌరవానికి లోటు రాదు.

ఈ బాంధవ్యాన్ని ఆధునికుల కంటే ఎంతో ముందే యాస్కాచార్యుడు స్పృశించినాడు. నిరుక్తం రెండవ అధ్యాయంలో, ఒకే ధాతువు దేశభేదాన్ని బట్టి భిన్నరూపాలలో వాడబడుతుందని చెబుతూ, వెళ్ళడమనే అర్థంలో 'శవతి' అనే క్రియ కాంబోజ దేశంలో మాత్రమే వ్యవహారంలో ఉన్నదని ఆయన పేర్కొన్నాడు. ఆర్యుల వ్యవహారంలో దాని నుండి వచ్చిన 'శవ' శబ్దం మాత్రమే మిగిలినదని కూడా చెప్పినాడు. పతంజలి మహర్షి మహాభాష్యపు పస్పశాహ్నికంలో ఇదే విషయాన్ని మరల ప్రస్తావించినాడు. వెళ్ళడమనే అర్థంలో ఇటువంటి క్రియయే అవెస్తాలో కనబడుతున్నది. కాంబోజుల నివాసం బదఖ్షాన్, పామీర్ పరిసరాలని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. వంజీయే కాంబోజుల భాష అనడానికి ఆధారం లేదు. అయినా అదే కుటుంబానికి, అదే పర్వతసీమకు చెందిన వాక్కు అది. యాస్కుడు ఒక్క క్రియను గ్రంథస్థం చేసినందువల్ల కాంబోజుల నోటిమాట ఒకటి నేటి వేదవిద్యార్థికి కూడా తెలుస్తున్నది. వంజ్ లోయకు అటువంటి యాస్కుడు సకాలంలో లభించలేదు.

ఇంతకంటే ముఖ్యమైనది మీమాంసాశాస్త్రంలోని పికనేమాధికరణం. జైమిని సూత్రాల ప్రథమాధ్యాయం తృతీయపాదంలో ఒక ప్రశ్న వస్తుంది. వేదంలో కనబడే కొన్ని పదాలు ఆర్యుల వాడుకలో లేవు, మ్లేచ్ఛుల వాడుకలో ఉన్నవి. వాటి అర్థాన్ని వ్యాకరణ నిరుక్తాల సహాయంతో ఊహించవలెనా, లేక మ్లేచ్ఛుల వాడుకను బట్టి గ్రహించవలెనా? శబరస్వామి పిక, నేమ, తామరస మొదలైన పదాలను ఉదాహరించి, వాడేవారి వాడుకయే ప్రమాణమని నిర్ణయించినాడు. ఆ విధంగా నేమ అంటే సగం. పారశీక భాషలో నేటికీ సగాన్ని 'నీమ్' అంటారు. అరకొర వైద్యుడిని 'నీమ్ హకీమ్' అనడం హైదరాబాదు వాసులకు పరిచితమే. ఆ పేరులో వేదపదానికి సోదరపదం దాగి ఉన్నదని అనేవారికీ తెలియదు, వినేవారికీ తెలియదు.

ఇదే సందర్భంలో కుమారిలభట్టు తంత్రవార్తికంలో పరభాషాపదాలకు స్వేచ్ఛగా అర్థాలు కల్పించేవారిని పరిహసించినాడు. ద్రావిడభాషలో అన్నానికి వాచకమైన 'చోర్' అనే పదానికి ఒక అచ్చు తగిలించి, చోరుడనే అర్థం తీసేవారిని ఆయన ఎత్తిచూపినాడు. ద్రావిడభాష విషయంలోనే ఇంత స్వైరకల్పన జరిగితే, ఇక పారసీక, బర్బర, యవన, రోమక భాషల విషయంలో ఏమి చేస్తారోనని వాపోయినాడు. ఈ ఆచార్యుల దృష్టిలో పదానికి అధికారి పండితుడు కాదు, ఆ పదాన్ని నిత్యం వాడుకొనే సామాన్యుడు. అతడు మ్లేచ్ఛుడైనా సరే. ఈ అధికరణాన్ని అంగీకరించినవారికి ఒక అప్రియమైన నిగమనం తప్పదు. వాడుకరులే లేకుండా పోతే ఆ పదానికి ప్రమాణం కూడా లేకుండా పోతుంది. వంజీవంటి భాష నశించినప్పుడు, వేదంలోని ఏ దురవగాహ పదానికి వెలుగు చూపగల దీపం ఆరిపోయినదో ఎవరూ చెప్పజాలరు.

మరి శబ్దనిత్యత్వం మాట ఏమిటి? ఆ సిద్ధాంతానికి దీనివల్ల భంగం లేదు. మీమాంసకులు నిత్యమని చెప్పినది శబ్దాన్ని. దాని అభివ్యక్తిని కాదు. అభివ్యక్తికి ధ్వని కావాలి, ధ్వనికి కంఠం కావాలి, కంఠానికి శిక్షణ కావాలి. అరణిలో అగ్ని ఉన్నది నిజమే, మథించనివాని ఇంట హోమం జరగదు. శబ్దార్థసంబంధం బాలునికి తెలిసే మార్గాన్ని శాస్త్రకారులు వృద్ధవ్యవహారమని పిలిచినారు. పెద్దవాడొకడు మరొకనితో ఆవును తీసుకొని రమ్మంటాడు, అతడు తెస్తాడు, పక్కనున్న బాలుడు విని, చూసి, గ్రహిస్తాడు. ఈ ప్రసిద్ధ దృష్టాంతంలో భాష జీవనరహస్యమంతా ఉన్నది. వంజీ భాష మరణించినది దానిని ఎరిగిన చివరి వృద్ధుడు కన్నుమూసిననాడు కాదు. ఆవును తెమ్మని పెద్దలు తమ పిల్లల ముందు ఆ భాషలో చెప్పడం మానినదినమే దాని మరణం నిశ్చయమైనది.

వేదం విషయంలో ఇది ఊహ కాదు, జరిగిన చరిత్ర. ఋగ్వేదానికి 21, యజుర్వేదానికి 101, సామవేదానికి 1000, అథర్వవేదానికి 9 శాఖలు ఉన్నట్లు మహాభాష్యం చెబుతున్నది. మొత్తం 1131. నేడు అధ్యయనంలో ఉన్నవి వేళ్ళమీద లెక్కించదగినన్ని. తెలుగునేలపై విశేషంగా నిలిచినది కృష్ణయజుర్వేదంలోని తైత్తిరీయశాఖ. మిగిలిన శాఖలు అనిత్యాలు కావు. వాటిని పలికే కంఠాలు లేకుండా పోయినవి, అంతే. వేదనిత్యత్వం ఆ శాఖలను నిలుపలేదు. అధ్యయనం ఈ శాఖలను నిలిపినది. పారసీకులదీ ఇదే అనుభవం. వారి సంప్రదాయం ప్రకారం అవెస్తాకు 21 భాగాలు. వాటిలో అధికభాగం లుప్తమైనది. మిగిలినది మిగలడానికి కారణం, అది ఎవరి ఇంటిభాషా కాకపోయినా, వారి యాజకులు తరతరాలుగా దానిని కంఠస్థం చేసి క్రతువులలో పఠిస్తూ రావడమే.

లిపి ఉంటే చాలునని, రాజాశ్రయం ఉంటే చాలునని భావించేవారికి అదే తజికిస్తాన్‌లో మరొక పాఠం ఉన్నది. పూర్వం పట్టువస్త్రాల వర్తకమార్గంలో సోగ్దీ భాషకు గొప్ప ప్రాభవం ఉండేది. దానికి లిపి ఉన్నది, వ్రాతప్రతులున్నవి, సంపన్నులైన వర్తకుల ఆదరణ ఉన్నది. అయినా నగరాలలో అది అంతరించినది. దాని మాండలికమొకటి మాత్రం యగ్నోబ్ అనే దుర్గమమైన లోయలో పేదరైతుల ఇళ్ళలో నిలిచి యగ్నోబీగా నేటికీ బ్రతికి ఉన్నది. 1970 ప్రాంతంలో సోవియట్ ప్రభుత్వం ఆ గ్రామీణులను బలవంతంగా దింపి పత్తిపొలాల ప్రాంతమైన జఫరాబాదుకు తరలించినది. పిదప కొన్ని కుటుంబాలు తిరిగి తమ లోయకు చేరుకొన్నవి. ప్రాభవం కాపాడలేని భాషను తల్లి ఒడి కాపాడినది.

ఇప్పుడు ధ్వనిముద్రణ యంత్రాలున్నవి కదా, వేదమంతా చరవాణిలో లభిస్తున్నది కదా అని కొందరి సమాధానం. ఆ ప్రయత్నాలు ప్రశంసనీయాలే. అవి ధ్వనిని భద్రపరుస్తాయి. శిష్యుడు ఉదాత్తాన్ని అనుదాత్తంగా పలికితే ఆపి సరిదిద్దడం మాత్రం యంత్రంలోని కంఠానికి సాధ్యం కాదు. జరూబిన్ సేకరించిన వంజీ పదాలు గ్రంథంలో భద్రంగా ఉన్నవి. వాటితో ఒక శిశువుకు జోలపాట పాడగలవారు లేరు. భద్రపరచడం వేరు, బ్రతికించడం వేరు. విదేశాలలోని తెలుగు కుటుంబాలు పిల్లలకు ఆంగ్లలిపిలో స్తోత్రాలు నేర్పుతున్నవి. ఆ శ్రద్ధకు నమస్కారం. కాని ఆ పిల్లలతో అన్నం తినమని కూడా తెలుగులో చెప్పని ఇంటిలో స్తోత్రం ఎంతకాలం అర్థవంతంగా నిలుస్తుందో తల్లిదండ్రులు ఆలోచించవలసి ఉన్నది.

కాలం సర్వభక్షకం, భాషలు పోవడం కూడా దైవసంకల్పమేనని సరిపెట్టుకొనేవారు ఉన్నారు. వంజీని కాలం మాత్రమే కబళించలేదు; ఒక రాజ్యం బలం కూడా అందుకు తోడైనది. తల్లి నేర్పిన మాటను మనిషి నోటి నుండి తొలగించడం హింస. అహింసను పరమధర్మమని నమ్మేవారు దీనిని హింసల జాబితాలో చేర్చుకోవలెను.

అప్పుడు దృష్టి ఇంటి వైపు కూడా మరలుతుంది. ఆదిలాబాదు ప్రాంతంలోని కొలామీ, తూర్పు కనుమలలోని గదబ, కువి వంటి భాషలను యునెస్కో ప్రమాదంలో ఉన్న భాషలుగా గుర్తించినది. ఆ గ్రామాలకు భజనమండలులు వెళుతున్నవి, ఆలయాలు నిర్మిస్తున్నవి, అది మంచిదే. అయితే అక్కడి పిల్లల మాటను మోటమాటగా భావించి, భగవంతుని ముందు దానిని పలకడానికే వారు సిగ్గుపడేలా చేస్తే, బుఖారా అమీరు బలంతో చేసిన పనిని భక్తి పేరుతో చేసినట్లవుతుంది. వాడేవాని వాడుకయే ప్రమాణమన్న శబరస్వామి వారసులకు అది తగదు. ఆ గ్రామాలలో ప్రార్థన వారి వాక్కులోనే జరగనివ్వాలి. వారి వృద్ధులను ఆ వాక్కుకు ఆచార్యులుగా గౌరవించాలి. తెలుగు పాటలు దానికి తోడు కావాలి గాని, దాని స్థానాన్ని ఆక్రమించకూడదు.

యాస్కుడు చెప్పిన విషయాన్ని సాధకులు మరొకసారి మననం చేసుకోవచ్చు. కాంబోజులలో గమనాన్ని చెప్పే క్రియ నిలిచినది, ఆర్యులలో శవశబ్దం మిగిలినది. గమనం పోయిన చోట మిగిలేది అదే. గురువు నుండి శిష్యునికి, తల్లి నుండి బిడ్డకు వాక్కు నడుస్తున్నంతకాలమే అది సజీవం. నిత్యమైన శబ్దానికి ఆ నడక కల్పించడమే స్వాధ్యాయం. ఆ భారం దైవానిది కాదు, మానవునిదే.

స్వస్తి.