కోట్ల ఏడాదిలో చిన్న లెక్కలు

ఏడాదికో జాబితా ఇవ్వనివాణ్ణి సినిమా కాలమిస్టుల్లో జమకట్టరట! మావాళ్ళంతా డిసెంబరు ఆఖరివారానికే తమ తమ 'టాప్ టెన్'లు అచ్చేయించి చేతులు దులుపుకున్నారు. నేను మాత్రం ఆగాను. కొంత బద్ధకం, కొంత సిద్ధాంతం. సినిమా చూసిన రాత్రి అన్నీ బాగానే వుంటాయండీ! పాప్‌కార్న్ అరిగిపోయి, గోడమీది పోస్టరు మీద ఇంకో పోస్టరు పడ్డాక కూడా ఏది మనసులో మిగిలితే అదీ మన సినిమా. ఆ ప్రకారం 2024లో వచ్చినవాటిలో నాకు గట్టిగా మిగిలినవి ఆరు. అయిదు సినిమాలు, ఒక బుల్లితెర సీరీస్.

అసలు 2024 అంటేనే కోట్ల ఏడాది. సంక్రాంతికి 'హనుమాన్', జూన్ 27న 'కల్కి 2898 ఏడీ', సెప్టెంబరు 27న 'దేవర', డిసెంబరు 5న 'పుష్ప 2'. పోస్టరు మీద హీరోగారి మొహంకంటే అంకె పెద్దది! 'పుష్ప 2' ఆరు రోజుల్లో వెయ్యి కోట్లు దాటిందని నిర్మాతలే ప్రకటించారు. మా హైటెక్ సిటీ టీకొట్ల దగ్గర మెళ్ళో ఐడీ కార్డులు వేలాడేసుకున్న కుర్రాళ్ళు కూడా కథ ఎలా వుందని అడగటం మానేసి, 'డే వన్ షేర్ ఎంత?' అని అడగటం మొదలెట్టారు. నిర్మాత ఇన్‌కమ్‌టాక్స్ లెక్క మనకెందుకు స్వామీ!

ఆ డిసెంబరు 4 రాత్రి ప్రీమియర్లకు టికెట్ మీద 800 రూపాయలు అదనంగా వసూలు చేసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. అదే రాత్రి ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాట జరిగి ఒక తల్లి ప్రాణం పోయింది. ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. మనలాగే సినిమా మీద ఇష్టంతో, ఇంటిల్లిపాదీ కలిసి వచ్చినవాళ్ళు. సంగతి శాసనసభ దాకా వెళ్ళింది. తప్పు ఎవరిదో తేల్చేది ఈ కాలమ్ కాదు. కాని సున్నాలు లెక్కపెడుతూ కూర్చున్న మనం 'ఒకటి' ఎంత పెద్ద అంకెో మరచిపోయామని మాత్రం నాకు ఆ వారమంతా అనిపిస్తూనే వుంది.

అప్పుడు కూర్చుని నాకు నచ్చిన సినిమాల పేర్లు ఓ కాగితం మీద రాసుకున్నాను. చిత్రం! దాదాపు అన్నీ చిన్న అంకెల సినిమాలే. మార్కులు, ర్యాంకులు, జీతాలు, అప్పులు... వాటిచుట్టూ తిరిగే కథలే.

ఎందుకని అడుగుతారా? దానికి నా కథ కొంచెం చెప్పాలి. నాది బి.ఎస్సీ. డిగ్రీ. సొంతవూరు తెనాలి. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది చూశారూ, ఆ తర్వాత పాతికేళ్ళుగా ఊళ్ళకు ఊళ్ళు ఇటే నడిచొచ్చాయి. ఆ గుంపులో నేనొకణ్ణి. అయ్యప్ప సొసైటీలో డాబా మీద గది. (ఇక్కడ రేకుల గదిని కూడా 'పెంట్‌హౌస్' అంటారు లెండి!) ఓ ఆఫీసులో ఉద్యోగం చేస్తూ, రాత్రుళ్ళు సినిమా వ్యాసాలు రాసేవాణ్ణి. 2024 జనవరిలో పగటి ఉద్యోగం వదిలేశాను. రాతలే బతుకుతెరువు అన్నాను. ఈ సంగతి నాన్నకు మాత్రం చెప్పలేదు. ముప్ఫై దాటిన కొడుకు నెలజీతం వదులుకున్నానని ఫోన్లో ఎలా చెబుతాడు?

ఇక జాబితా.

* * *

ఆరో స్థానం – 'కల్కి 2898 ఏడీ'. కోట్ల సినిమాను తిట్టి మళ్ళీ అదే ఎక్కిస్తున్నావేమయ్యా అంటారా? ఆగండి. నాగ్ అశ్విన్ సినిమాలో నాకు నచ్చింది యుద్ధం కాదు. భైరవ (ప్రభాస్) కల. కింద ఎండిపోయిన కాశీ. పైన నీళ్ళూ పచ్చదనమూ వున్న 'కాంప్లెక్స్'. లోపలికి పోవాలంటే పది లక్షల యూనిట్లు కావాలి! హాలు బయటికొచ్చి చూస్తే మా ఏరియాయే కనిపించింది. కొండాపూర్ గేటెడ్ కమ్యూనిటీ గేటు ముందు, వానలో తడుస్తూ, లోపలివాళ్ళు 'ఓకే' అనేదాకా నిలబడ్డ డెలివరీ కుర్రాడు మన కాలపు భైరవ కాదూ? మొదటిసగం సాగదీశారన్నది నిజమే. అయినా ఆ గేటు నన్ను వదల్లేదు.

అయిదు – 'కమిటీ కుర్రోళ్ళు'. ఆగస్టు 9న వచ్చింది. నిహారిక కొణిదెల నిర్మాత, యదు వంశీ దర్శకుడు. పదకొండుమంది కొత్త కుర్రాళ్ళు హీరోలు. గోదావరి జిల్లా ఊరు, పన్నెండేళ్ళకోసారి వచ్చే జాతర. కలిసి ఈతకొట్టి, కలిసి తన్నులు తిన్న స్నేహితులు ఎంసెట్ ర్యాంకు దగ్గర, రిజర్వేషన్ మాట దగ్గర చీలిపోతారు. మన సినిమాల్లో స్నేహం అంటే ఓ పాటా, ఓ ఫైటూ. ఆ స్నేహాల మధ్య కులం ఎక్కడ కూర్చుంటుందో చూపించే ధైర్యం తక్కువ. ఇందులో ఆ మాట పైకే అన్నారు. రెండోసగంలో ఊరి రాజకీయం కొంచెం బరువెక్కింది గాని, ఆ ర్యాంకు గొడవ మాత్రం చూసి తీరాలి.

నాలుగు – 'ప్రేమలు'. గిరీష్ ఏ.డీ. తీసిన మలయాళ చిత్రం. ఫిబ్రవరిలో కేరళలో వచ్చి, మార్చి 8న మనకు తెలుగులో వచ్చింది. విదేశం పోదామంటే వీసా రాని కుర్రాడు సచిన్ (నస్లేన్), గేట్ కోచింగుకు బయల్దేరిన స్నేహితుడి వెంట హైదరాబాద్ వస్తాడు. ఇక్కడ ఐటీ ఉద్యోగం చేసుకుంటున్న రీనూ (మమితా బైజు)ను చూసి మనసు పారేసుకుంటాడు. కథ ఇంతే! మరి ఏమిటి గొప్ప?

మన తెలుగు సినిమాలో హైటెక్ సిటీ అంటే ఏమిటండీ? రాత్రిపూట దుర్గం చెరువు తీగల వంతెన మీదుగా ఓ డ్రోన్ షాటు. తర్వాత హీరోగారి కారు. అయిపోయింది! ఆ వంతెన కింది సందుల్లో షేరింగ్ రూముల్లో వుండేవాళ్ళూ, కర్రీ పాయింట్‌లో అర్ధపావు పప్పు కట్టించుకునేవాళ్ళూ, ఇంటర్వ్యూకి స్నేహితుడి చొక్కా తొడుక్కుని పోయేవాళ్ళూ తెరమీదికి రారు. మన ఊళ్ళో పరాయి కుర్రాడి బతుకు ఎలా వుంటుందో చూపించడానికి కేరళ నుంచి ఒకాయన రావలసి వచ్చింది. నేను ఉద్యోగం మానిన కొత్తలో చూశాను. హాలంతా నవ్వుతోంది. నేనూ నవ్వాను గాని, సచిన్ ఉద్యోగవేట దగ్గర నా నవ్వు సగంలోనే ఆగిపోయింది.

అన్నట్టు, తెలుగులో ఆ సినిమాకు మాటలు రాసింది ఆదిత్య హాసన్. ఆ పేరు గుర్తుంచుకోండి, నా మూడో స్థానం ఆయనదే.

* * *

మూడు – 'నైంటీస్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్'. జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన ఆరు భాగాల సీరీస్. లెక్కల మాస్టారుగా శివాజీ. ఆయన భార్యగా వాసుకి. (1998 'తొలిప్రేమ'లో పవన్ కళ్యాణ్ చెల్లెలు, గుర్తొచ్చిందా?) ముగ్గురు పిల్లలు, ఒక్క జీతం. పెద్దవాడి పదో తరగతి ర్యాంకు మీద ఆ ఇంటి గౌరవమంతా ఆధారపడి వుంటుంది. విలన్ లేడు, కత్తి లేదు, ఒక్క ఛేజింగ్ లేదు. అయినా మార్కుల రోజున నా గుండె దడదడలాడింది!

ఆఫీసులో నోటీసు పీరియడ్ నడుస్తుండగా, క్యాంటీన్‌లో ఫోను మీద చూశాను ఇది. పక్క టేబుల్ అమ్మాయి కూడా అదే చూస్తోంది. ఇద్దరం ఒకేచోట నవ్వి, ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పరిచయం లేదు. అయినా ఆ నవ్వుతో ఇద్దరం ఒకే వీధిలో పెరిగినట్టనిపించింది.

రెండు – '35 చిన్న కథ కాదు'. నంద కిషోర్ ఈమాని దర్శకత్వం, సెప్టెంబరు 6 విడుదల. తిరుపతిలో ఓ చిన్న కుటుంబం. అరుణ్ అనే పిల్లాడికి లెక్కలంటే అడుగడుగునా సందేహం. సున్నాకు విలువ లేదంటారు, ఒకటి పక్కన పెడితే పది ఎలా అయింది మాస్టారూ? లెక్కల మాస్టారు (ప్రియదర్శి) జవాబు చెప్పడు, వాడికే 'జీరో' అని పేరు పెడతాడు. పదో తరగతి తప్పిన తల్లి సరస్వతి (నివేదా థామస్) కొడుక్కి లెక్కలు చెప్పడానికి తనే మళ్ళీ పుస్తకం పడుతుంది. ఎంతకోసం? నూటికి నూరు కోసం కాదు, ముప్ఫై అయిదు కోసం!

పాఠకులారా, మన తెరమీద ఫస్టు వచ్చినవాడే హీరో. పాసవడాన్ని పండగ చేసిన సినిమా నాకు తెలిసి ఇదే. 2024కుగాను గద్దర్ అవార్డుల్లో నివేదా థామస్‌కు ఉత్తమ నటి అవార్డు ఇచ్చారు, 2025 జూన్‌లో. ఆ మాట వినగానే నాకే వచ్చినంత సంబరపడ్డాను.

* * *

మొదటి స్థానం – 'లక్కీ భాస్కర్'. అక్టోబరు 31, దీపావళి.

పండక్కి నాన్న వచ్చారు. తెనాలి నుంచి లింగంపల్లిలో రైలు దిగి, చేతిసంచీలో అమ్మ పంపిన అరిసెలతో. ముందురోజు రాత్రి గదిలో లాప్‌టాప్ మీద '35' వేశాను. కళ్ళద్దాలు తుడుచుకుంటూ చూశారు, ఒక్కమాట మాట్లాడలేదు. పండగనాడు 'లక్కీ భాస్కర్'కు తీసుకెళ్ళాను. కారణం వుంది. మా నాన్న ముప్ఫై రెండేళ్ళు ఓ సహకార బ్యాంకులో క్యాషియర్.

వెంకీ అట్లూరి తీసిన ఈ కథలో భాస్కర్ (దుల్కర్ సల్మాన్) బొంబాయిలో బ్యాంకు క్యాషియర్. 1980ల చివర మొదలయ్యే కథ. చాలని జీతం, అప్పులవాళ్ళు, అవమానాలు. వారాంతంలో బ్యాంకు డబ్బు తీసుకుపోయి వాడుకుని, బ్యాంకు తెరిచే వేళకు మళ్ళీ పెట్టేస్తాడు. అక్కడినుంచి షేర్ల కుంభకోణం దాకా పాకుతుంది. మీనాక్షి చౌదరి భార్య. నోరు మెదపని తండ్రిగా సర్వదమన్ బెనర్జీ – 1986 'సిరివెన్నెల' హీరో! ఆయన కళ్ళు అప్పుడూ మాట్లాడాయి, ఇప్పుడూ మాట్లాడాయి.

భాస్కర్ మొదటిసారి డబ్బు కొట్టేసి క్షేమంగా తిరిగి పెట్టేసినప్పుడు హాలంతా ఈలలు, చప్పట్లు. నేనూ కొట్టాను. పక్కకు తిరిగి చూస్తే నాన్న చేతులు ఒళ్ళోనే వున్నాయి.

బయటికొచ్చాక మొదటి మాట:

"నోట్ల కట్టలు అలా విసరరురా. లెక్క తప్పుతుంది."

తర్వాత రోడ్డు దాటుతూ చెప్పారు: "ఒక్క సాయంత్రం అయిదొందలు తక్కువొచ్చింది. నాలుగుసార్లు లెక్కపెట్టాను. తక్కువైతే క్యాషియరే కట్టాలి. ఆ నెల మీ అమ్మ పాలవాడికి ఏం చెప్పిందో నాకు తెలీదు. నేను అడగలేదు."

ఈ సంగతి నేనెప్పుడూ వినలేదు. దర్శకుడు చివర్లో భాస్కర్‌కు మరీ సులువుగా దారి ఇచ్చేశాడన్నది నా ఫిర్యాదు. దొంగ తెలివికి చప్పట్లు కొట్టించారు, బాగుంది. మరి అయిదొందలు జేబులోంచి కట్టినవాడి మీద సినిమా ఎవరు తీస్తారు? అయినా నా జాబితాలో ఇదే మొదటిది. ఎందుకంటే ఆ సినిమా మా నాన్న చేత ఆ మాట చెప్పించింది. నా చేత కూడా ఓ మాట చెప్పించింది.

"నాన్నా, జనవరిలో ఉద్యోగం మానేశాను."

ఆయన ఆగారు. పక్కనే టపాకాయలు పేలుతున్నాయి.

"అద్దె కడుతున్నావా?"

"కడుతున్నాను."

"ఎవరికైనా బాకీ వున్నావా?"

"లేదు నాన్నా. మిగిలేదీ ఏం లేదు."

మెట్రో స్టేషన్ మెట్ల దాకా మౌనంగా నడిచారు. అక్కడ చెయ్యి నా భుజమ్మీద వేసి, "ముప్ఫై అయిదు వచ్చినట్టే గదరా. పాసే!" అన్నారు. ఓ క్షణం ఆగి, "వచ్చే ఏడు ఇంకాస్త తెచ్చుకో. మీ అమ్మకు నేను చెబుతాలే" అన్నారు.

* * *

జాబితాకు అందకపోయినా చేతులూపిన చిత్రాలున్నాయి. కడుపుబ్బ నవ్వించిన 'మత్తు వదలరా 2', చివరి మలుపుతో ఉలిక్కిపడేలా చేసిన 'క', బుల్లితెర మీద త్రిష పోలీసుగా చేసిన 'బృంద', భర్తల గోడు వినిపించిన 'సేవ్ ద టైగర్స్' రెండో సీజన్. ఇవి కూడా వీలైతే చూడండి.

మీ జాబితా కూడా రాసి పంపండి. ఒక్క షరతు! ఎన్ని కోట్లు వచ్చాయో రాయొద్దు. ఎవరితో కలిసి చూశారో, చూశాక ఇంటికి నడుస్తూ ఏం మాట్లాడుకున్నారో రాయండి. వచ్చేవారం కలుద్దాం.