పరులు లేని పరార్థపూజ

గృహస్థుడు తన పూజామందిరంలో చేసుకొనేది ఆత్మార్థపూజ. ఆలయంలో అర్చకుడు చేసేది పరార్థపూజ. అది గ్రామం కొరకు, సమస్త ప్రాణికోటి క్షేమం కొరకు. ఆగమజ్ఞులు ఈ భేదాన్ని తరచుగా చెబుతూనే ఉంటారు. కాని 2020 మార్చిలో దేవాలయ ద్వారాలు భక్తులకు మూతపడినప్పుడు, ఆ ‘పర’ శబ్దం ఎవరి హృదయాన్ని ఎంత బాధించిందో మనం విచారించలేదు.

ఆనాటి చర్చ అంతా జీవనభృతి చుట్టూ తిరిగింది. అది న్యాయమే. రాష్ట్ర ప్రభుత్వం అర్చకులకు, ఇమాములకు, పాస్టర్లకు ఒక్క పర్యాయం 5,000 రూపాయలు ఇచ్చింది. చైత్ర వైశాఖాల ముహూర్తాలు చేజారిన పురోహితునికీ, హారతి పళ్ళెం రిక్తమైన అర్చకునికీ అది ఎన్నాళ్ళకు వస్తుందో చెప్పనక్కరలేదు. అయితే ధనంతో తీరని వేదన మరొకటి ఉన్నది.

తిరుమలలో మార్చి 20 నుండి జూన్ 8 వరకు కైంకర్యాలన్నీ ఏకాంతంగానే జరిగాయి. స్వామికి లోపం లేదు, నివేదన ఆగలేదు. కాని గోత్రనామాలు చెప్పేవారు లేక, తీర్థానికి చేయి చాచేవారు లేక, శఠారికి తల వంచేవారు లేక, అర్చకుడు ఎవరికి ఆశీర్వచనం పలకాలి? ద్వారాలు తెరచిన పిదప కూడ తీర్థప్రసాదాలపై నిషేధం నిలిచింది. చేతితో అనుగ్రహాన్ని అందించడమే వృత్తిగా గలవానికి ఆ చేయి అపాయహేతువయింది. ఆ జూలైలో తిరుమల అర్చకులు పలువురు వ్యాధిగ్రస్తులయ్యారు. పూర్వ ప్రధానార్చకులు శ్రీనివాసమూర్తి దీక్షితులు పరమపదించారు.

మహాక్షేత్రంలో ఒకరు తప్పుకుంటే మరొకరు ఉంటారు. నందివాడ ప్రాంతంలో, చేపల చెరువుల నడుమనున్న పల్లెలలో, కోవెలకు సాధారణంగా ఒకే అర్చకుడు. అతనికి జ్వరం వచ్చినా, ఇంట మరణం సంభవించి అశౌచం పట్టినా, నిత్యపూజకు దిక్కెవరు? నిత్యార్చన లోపిస్తే గ్రామానికి అరిష్టమని అతడు బాల్యం నుండి విన్నవాడు. 2021 వేసవిలో ఊరిలో మరణవార్తలు వరుసగా వినవచ్చిన దినాలలో, పదునాలుగు రోజులు గదిలో ఒంటరిగా పడుకొన్నవాని మనస్సు ఎటు పోతుంది? ఇది నా పూజాలోప ఫలమేమో అన్న శంక పుట్టదా? వైద్యుడు ఈ శంకకు మందు ఇవ్వలేడు. అది శాస్త్రశ్రద్ధ నుండి పుట్టినది గనుక శాస్త్రమే సమాధానం చెప్పాలి.

చెబుతున్నది కూడ. లోపం జరుగుతుందని ఎరిగియే ఆగమాలు ప్రాయశ్చిత్తాలను, సంప్రోక్షణను విధించాయి. మహాభారత శాంతిపర్వంలో ఆపద్ధర్మానికి ప్రత్యేకంగా ఒక ఉపపర్వమే ఉంది. దేహం లభించని మృతునికి ప్రతికృతి చేసి సంస్కరించే విధి ధర్మశాస్త్రంలో ఉన్నది. అంత్యక్రియలకు అందని బంధువులకు పురోహితుడు ఆ ధైర్యాన్ని ఇచ్చాడు. ఆ ధైర్యమే అతనికి ఇచ్చినవారు లేరు.

“భగవత్సన్నిధిలో ఉండేవానికి దుఃఖమేమిటి?” అని అనేవారు ఉన్నారు. వేదాంతం పేరిట పలికే ఈ మాట నాకు క్రూరంగా తోస్తుంది. గీతలో ప్రథమాధ్యాయం పేరు అర్జునవిషాదయోగం. భగవానుడు సారథియై ప్రక్కనే కూర్చున్నప్పుడే ఆ విషాదం కలిగింది! దానిని దాచకుండా చెప్పుకొన్న తరువాతనే ఉపదేశం మొదలయింది. మన అర్చకునికి చెప్పుకొనే చోటే లేదు. ధర్మకర్తకు చెబితే కొలువుకు భయం. భక్తునికి చెబితే గౌరవానికి భయం.

ఆ దినాలు గడచిపోయాయి గాని ఏర్పాటు మాత్రం ఏమీ మారలేదు. గుడివాడ పరిసర గ్రామాల పెద్దలు కూర్చుని ఒక పట్టిక వ్రాసుకోవచ్చు: ఏ కోవెల వైఖానసం, ఏది పాంచరాత్రం, ఏది శైవం, ఎవరు రాలేని నాడు అదే ఆగమం తెలిసిన ఎవరు వచ్చి దీపం పెట్టాలి, వచ్చినవారికి సంభావన ఎవరివ్వాలి, గదిలో ఉన్నవాని గుమ్మం వద్దకు వెళ్ళి ఏ వృద్ధ పండితుడు పలకరించాలి. ఒక్క పుటలో సరిపోయే పని.