టీవీ బాగయ్యేలోపు షో అయిపోయింది

మొన్నో వీకెండ్ పనిలేక ఓ పాత బ్రిటిష్ సినిమా చూశాను. పేరు 'ఎల్‌స్ట్రీ కాలింగ్', 1930లో వచ్చింది. కథంటూ పెద్దగా ఏం లేదు. అప్పట్లో అక్కడి వెరైటీ స్టేజీల మీద పేరున్నవాళ్ళని తీసుకొచ్చి కెమెరా ముందు నిలబెట్టారు, అంతే. విల్ ఫైఫ్, లిలీ మోరిస్ లాంటివాళ్ళు వస్తారు, తమ ఐటమ్ చేసి వెళ్ళిపోతారు. మధ్యలో కొన్ని కామెడీ బిట్లు హిచ్‌కాక్ తీశాడు. ఇదే ప్రోగ్రామ్‌ని ఇంట్లో టీవీలో చూద్దామని ఒకాయన సెట్టుతో కుస్తీ పడుతూనే ఉంటాడు. అటు షో నడిచిపోతూనే ఉంటుంది.

ఇదేం సినిమా, స్టేజీ ముందు కెమెరా పెట్టేస్తే సరిపోతుందా అనిపించింది మొదట. కానీ ఆ స్టేజీ మనుషులు పోయి ఎన్నేళ్ళయిందో! లిలీ మోరిస్ పాడుతూ చేసే అల్లరి నేనిప్పుడు హైదరాబాద్‌లో కూర్చుని చూశానంటే, ఆ రోజు ఎవరో కెమెరా కదపకుండా ఉంచబట్టే కదా.

మన సినిమాల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. 'వాగ్దానం' (1961)లో రేలంగి హరికథ గుర్తుందా? రాసింది శ్రీశ్రీ, పాడింది ఘంటసాల. ఆ ఘంటసాల చదువుకున్నది మా విజయనగరం సంగీత కళాశాలలోనే. 1919లో పెట్టిన ఆ కాలేజీకి తొలి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు. ఆయన 1945లో పోయారు. రేలంగి హరికథ ఎన్నిసార్లయినా చూడొచ్చు. దాసుగారు గజ్జె కట్టి చెప్పిన కథ ఎలా ఉండేదో మాత్రం నేను చదివి ఊహించుకోవాల్సిందే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పోయినేడాది జాతరకి శ్రీకాకుళం దగ్గర మా ఊరెళ్ళాను. తప్పెటగుళ్ళు ఆడుతున్నారు. గుండెల మీద తప్పెట, కాళ్ళకి గజ్జెలు, పాట పాడుతూనే గెంతులు. నేనేమో ఫోను అడ్డంగా పెట్టాలా నిలువుగా పెట్టాలా, ఏ ఫిల్టర్ బావుంటుంది అని చూసుకుంటూ కూర్చున్నాను. చివరికి మిగిలింది 40 సెకన్లు. ఇంటికెళ్ళి చూపిస్తే నాన్న అడిగింది ఒకటే మాట: "గెంతులున్నాయి గానీ కత ఏదిరా?"

ఏం చెప్పను? ఆ సినిమాలో టీవీ సెట్టు పట్టుకున్నవాడిని చూసి తెగ నవ్వాను. వాడికీ నాకూ తేడా లేదు.

రీల్స్ వల్లే కదా ఈ కళల గురించి నలుగురికీ తెలుస్తోంది అంటారు. నిజమే, కాదనను. కానీ ట్రైలర్ ఒక్కటే ఉండి సినిమా లేకపోతే ఎలా? సర్వర్ లాగుల్ని మూడు చోట్ల బ్యాకప్ పెట్టే ఉద్యోగాలు మనవి. ఊళ్ళో ఓ రాత్రి ఆటకి ఒక్క కాపీ ఉంచలేమా?

పెద్ద డాక్యుమెంటరీలు అక్కర్లేదు. ఈసారి ఊరెళ్ళినప్పుడు ఓ ట్రైపాడ్ పట్టుకెళ్ళండి. ఆడేవాళ్ళని అడిగి, మొదలు నుంచి చివరిదాకా కట్ చేయకుండా తీయండి. వాళ్ళ పేర్లు రాయండి. ఓ కాపీ వాళ్ళకీ ఇవ్వండి. నేనైతే ఈ జాతరకి ఫోను స్టాండుకి తగిలించేసి, ముందు వరసలో నాన్న పక్కన కూర్చుంటాను.